ఒలుపక్క ఊపిరి

ఆమెకు ఆ పేరు పెట్టింది గాజుసామాను కడిగే ముసలాయన. "ఇంతింత చదువులు చదివినవాళ్ళ చేతికి రానిది నీ చేతికొచ్చిందంటే నువ్వు ఒలుపక్కవే తల్లీ" అన్నాడొకరోజు. అప్పటినుంచి ఆ ప్రయోగశాలలో అందరికీ ఆమె ఒలుపక్కే. అసలు పేరు జీతం కాగితం మీద పడుకుని ఉంటుంది, నెలకోసారి లేస్తుంది.

ఆమె ఒలిచేవి వెల్లుల్లిపాయలు కావు. అరచేతిలో పట్టే మెరిసే బిళ్ళ ఒకటుంటుంది, దాన్ని అచ్చు అంటారు. చూడ్డానికి అద్దంలా నున్నగా ఉంటుంది గానీ దాని నిండా గీతలే. మనిషి తలవెంట్రుకను నిలువునా రెండు వందల పాయలు చేయగలిగితే ఒక్కో పాయ ఎంత సన్నమో ఒక్కో గీత అంత సన్నం. కంటికి కనిపించవు. వెలుతురుకు వాల్చి పట్టుకుంటే మాత్రం సబ్బునురగ మీద లాగా రంగులు పాకుతాయి. గీతలు ఉన్నాయనడానికి అదే గుర్తు. ఆ అచ్చు మీద తేనెలాంటి సిలికాన్ రబ్బరు పోసి, ఓవెన్‌లో పెట్టి, గట్టిపడ్డాక ఒలిచి తీయాలి. అచ్చులోని గీతలు రబ్బరుకు దిగుతాయి. ఆ రబ్బరును ముద్రలాగా పలుచని ప్లాస్టిక్ పొర మీద ఒత్తితే గీతలు పొరకు దిగుతాయి. ఆ పొర మీద నరాల కణాలను పెంచుతారు. మామూలు గాజు మీద వేస్తే కణాలు తలా ఒక దిక్కుకు పోతాయి. గీతల మీద వేస్తే ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా వరుస తప్పకుండా ఒకే దిక్కుకు సాగుతాయి. తెగిన నరం కొసలు రెండూ మళ్ళీ కలవడానికి ఆ పొరను గొట్టంలా చుట్టి వాడొచ్చునని అక్కడివాళ్ళ ఆశ.

ఇదంతా ఆమెను కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. వరండాలు తుడిచే పనికి చేరింది. తరవాత దుమ్ము రేణువును కూడా రానివ్వని క్లీన్‌రూమ్ బయట బట్టలు మార్చుకునే గది చూసుకునే పని ఇచ్చారు. అక్కడ నిలబడి వచ్చేవాళ్ళ మాటలూ పోయేవాళ్ళ మాటలూ విని, ఏది దేనికో తనే కూర్చుకుంది. తెల్ల దుస్తులు, తలకు టోపీ, ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని అందరూ ఒకేలా లోపలికి పోతారు. కళ్ళు మాత్రమే మిగులుతాయి. ఎవరు రాత్రి నిద్రపోలేదో, ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చారో ఆమెకు కళ్ళను చూస్తే తెలిసిపోయేది.

అందరిలోకీ అలసిన కళ్ళు కళ్ళద్దాలమ్మాయివి. పరిశోధన చేసే పిల్ల, ఈ గీతల పనంతా ఆమెదే. ఆర్నెల్లు తన చేత్తో ఒలిచింది. పదిట్లో ఒకటి నిలిచేది. వేగంగా లాగితే గీతలు తెగిపోతాయి, మెల్లగా లాగితే తడిసిన కనురెప్ప వెంట్రుకల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చివరికి ఒకరోజు విసిగిపోయి, "అక్కా, నువ్వోసారి లాగి చూడవూ, నా చేతులు దరిద్రపు చేతులు" అంది. ఒలుపక్క లాగింది. మొదటి వారం ఆమెవీ చిరిగాయి. తరవాత పదిట్లో తొమ్మిది నిండుగా రావడం మొదలుపెట్టాయి. అప్పటినుంచి రెండేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఆమే.

ఆ మొదటి వారానికీ తరవాతి వారానికీ మధ్య జరిగింది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజు ఆమెకు జలుబు. మాస్కు లోపల తడిసి ముక్కుకు అతుక్కుంటోంది. ఊపిరాడక, గోడవైపు తిరిగి కూర్చున్నాను కదా ఎవరు చూస్తారులే అని, మాస్కును గడ్డం కిందికి లాగి నోటితో గాలి వదిలింది. ఆ గాలి అచ్చు మీద పడి అంచు పొడవునా పలుచగా ఆవిరి పట్టింది. అదే క్షణంలో పట్టుకారుతో మూల ఎత్తింది. రబ్బరు దానంతటది లేచినట్టు లేచింది. చిటపట లేదు, పట్టు లేదు. మర్నాడు మాస్కు వేసుకునే లాగింది, చిరిగింది. మాస్కు దించి ఊదింది, వచ్చింది. ఆ గదిలో గాలి ఒట్టి ఎండుగాలి, ప్లాస్టిక్ సంచీ తీస్తే చేతికి అతుక్కుని వదలదు. ఆ పట్టేదో తన ఊపిరితో చల్లారుతోందని ఆమెకు అర్థమైంది. అంతకుమించి తెలుసుకోవడానికి అడగాలి. అడగడమంటే చెప్పడమే.

చెప్పడానికి వీల్లేదు. లోపల మాస్కు తీసినవాళ్ళను ఆ పూటే పంపేస్తారు. ఒకాయన లోపల చూయింగ్ గమ్ నమిలాడని తెలిసి సాయంత్రానికి సంచీ సర్దించారు. ఆ నియమం కింద ఆమె కూడా సంతకం పెట్టింది. కాబట్టి రోజూ గోడవైపు తిరిగి కూర్చుని, మాస్కు దించి, ఊది, ఎక్కించుకుని, ఒలిచేది. వెనక నుంచి చూసేవాళ్ళకు ఒంగిన వీపు కనిపించేది. "ఎంత శ్రద్ధో చూడండి" అని వచ్చిన అతిథులకు చూపించేవాళ్ళు. పొగిడిన కొద్దీ ఆమెకు ఆ బల్ల ఇంకా దగ్గరికి జరిగి తన డొక్కలో గుచ్చుకుంటున్నట్టుండేది.

ఇలా జీవితమంతా గడిచిపోను కూడా గడిచిపోయేదేమో. కానీ ఆమెకు సీటొచ్చింది.

తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లికి కవలలు పుడితే, వాళ్ళను ఎత్తుకోవడానికని బడి మానిన మనిషి ఆమె. ముప్పై అయిదేళ్ళు నిండాక, కూతురి పాత పుస్తకాలే చదివి పది ప్యాసయింది. ఆపైన ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకు పరీక్ష రాసింది. రెండేళ్ళ చదువు, పగటిపూట తరగతులు. పనిచేసే చోటి నుంచి విడుదల కాగితం తెచ్చి ఇస్తేనే చేర్చుకుంటారు. కిందటేడు కూడా సీటొచ్చింది. పెద్దసారు, అంటే ఆ ప్రయోగశాలకు అధిపతి, "వచ్చే ఏడాది చూద్దామమ్మా" అన్నాడు. ఈ ఏడాదితో వయసు హద్దు దాటిపోతుంది. ఈ శుక్రవారం సాయంత్రం అయిదు లోపల కాగితం అందాలి. ఆ తరవాత చూద్దామనడానికి ఏమీ ఉండదు.

"నేను వద్దంటానా? నీలా ఒలిచే మనిషి ఒక్కరుంటే చాలు. నేర్పి వెళ్ళు" అన్నాడు పెద్దసారు ఈసారి. అని, ఒక కొత్తమ్మాయిని తెచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టాడు.

కొత్తమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయి. ఆర్నెల్ల పరీక్షకాలం మీద తీసుకున్నారు. నోటికి మాస్కు ఉన్నా మాటకు లేదు. నెలరోజులుగా ఒలుస్తోంది, ఒక్కటీ నిండుగా రాలేదు. మంగళవారం పద్దెనిమిదోది చిరిగింది.

"ఇదేంటక్కా, నేను ముట్టుకుంటే చాలు అలిగి కూర్చుంటుంది. నీకు మేనకోడలా ఏంటి?"

"మూల ఎత్తి, గీతల వెంట లాగు."

"అలాగే లాగానక్కా. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నా. నువ్వు చెప్పనిదేదో ఉంది."

ఒలుపక్క చేతిలో పట్టుకారు ఆగింది. కొత్తమ్మాయి కళ్ళకేసి చూసింది. వేళాకోళమే, అందులో అనుమానం లేదు.

"అలవాటు మీద వస్తుందిలే" అంది.

"అలవాటయ్యేలోపు అచ్చుకు గీతలుండవు, నాకు ఉద్యోగముండదు" అని కొత్తమ్మాయి ఇంకో అచ్చు అందుకుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఒలుపక్క నోట్లో ఉన్న మాట బయటికొస్తే ఊరే పోతుంది. చెప్పకపోతే ఈ పిల్లకు ఎప్పటికీ రాదు, తనకు కాగితం రాదు. చెబితే మాస్కు తీసినందుకు ముందు తనను పంపేస్తారు. నడవడిక బాగుందని రాయకుండా పంపితే ఆ కాగితం కోర్సులో చేరడానికి పనికిరాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటినీ తవ్వుకున్నదీ తనే.

బుధవారం సాయంత్రం ఇంట్లో ఆ మాట మొదటిసారి పైకి అంది. భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. లిఫ్టు తలుపు మోటారు ఒకటి విప్పి కాగితం మీద పరుచుకుని కూర్చున్నాడు. కూతురు గడప మీద కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటోంది.

అంతా విని కూతురు పడీపడీ నవ్వింది. "అంటే అమ్మా, నీ ఉద్యోగమంతా ఊదడమేనా? పొయ్యి ఊదినట్టు?"

"నువ్వూరుకోవే" అన్నాడు తండ్రి. భార్య వైపు తిరిగి, "నాకు చెప్పడానికే రెండేళ్ళు పట్టిందా నీకు?" అన్నాడు.

"నీకు చెబితే లిఫ్టులో ఎక్కినవాళ్ళందరికీ చెప్తావు."

"అదీ నిజమే" అని ఒప్పుకున్నాడు. స్క్రూ తిప్పుతూ అన్నాడు, "పోయి ఆయనకే చెప్పు. కక్కలేక మింగలేక ఎన్నాళ్ళు? తిడితే తిడతాడు. తిట్టు తిని బయటపడు."

గురువారం పొద్దున్నే ఆమె పెద్దసారు గది ముందు నిలబడింది. లోపలికి పిలిచాక కూర్చోమన్నాడు, కూర్చోలేదు.

"సార్, ఒలిచేముందు నేను మాస్కు దించుతాను. అంచు మీద ఊపిరి వదులుతాను. అందుకే వస్తుంది."

పెద్దసారు రాస్తున్న కలానికి మూత పెట్టాడు. "ఎన్నాళ్ళుగా?"

"రెండేళ్ళుగా సార్."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

ఆయన లేచి వెళ్ళి తలుపు వేశాడు. అరుస్తాడనుకుని ఆమె భుజాలు ముడుచుకుంది. అరవలేదు.

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు సార్. మా ఆయనకు నిన్న చెప్పాను."

"ఆయనేం చేస్తారు?"

"లిఫ్టులు బాగుచేస్తారు సార్."

"అయితే పర్వాలేదు" అని ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "చూడమ్మా. ఈ ముక్కలు ఎలా చేశామో రాసి పరిశోధన పత్రికకు పంపేశాం. అందులో ఊపిరి సంగతి లేదు. ఇప్పుడు ఉందంటే, మొదటినుంచీ మళ్ళీ చేసి చూపించమంటారు. ఆ కళ్ళద్దాలమ్మాయి రెండేళ్ళ పని కుంటుపడుతుంది. అందుకని, నువ్వు చెప్పలేదు, నేను వినలేదు."

ఆమెకు ఒక్క క్షణం తేలికగా అనిపించింది. మరుక్షణం భయం వేసింది. "మరి నా కాగితం సార్?"

"అదెక్కడికి పోతుంది? రేపు ఆ కొత్తమ్మాయికి చూపించు, నువ్వెలా చేస్తావో అలాగే. ఎవరికీ చెప్పనని మాట తీసుకో. ఒక్క ముక్క నిండుగా ఒలిచి నా బల్ల మీద పెట్టమను. అక్కడే సంతకం పెట్టి ఇస్తాను. నడవడిక బాగుందని కూడా రాస్తాను."

తిట్టు తిని బయటపడడానికి వెళ్ళిన మనిషి, తిట్టు తినకుండా వెనక్కి వచ్చింది. బరువు దిగిందో పెరిగిందో మెట్లు దిగుతుంటే తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడయింది. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. పసుపుపచ్చ దీపాల కింద అన్నీ పాత ఫోటోలో వస్తువుల్లా ఉన్నాయి. ఒలుపక్క ఓవెన్‌లోంచి రెండు అచ్చులు తీసి చల్లార్చింది. కొత్తమ్మాయిని తన పక్కకు, గోడవైపుకు, జరిపి కూర్చోబెట్టింది.

"మాట్లాడకుండా చూడు" అంది. మాస్కు గడ్డం కిందికి లాగింది.

కొత్తమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "అక్కా, మాస్కు."

"చూడమన్నానా."

ఊదింది. అంచు మీద ఆవిరి పట్టింది. మూల ఎత్తింది, రబ్బరు చప్పుడు లేకుండా లేచి వచ్చింది. దీపానికి వాల్చి పట్టుకుంటే ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎక్కడా తెగకుండా రంగు పాకింది.

"ఇప్పుడు నువ్వు."

కొత్తమ్మాయి తలుపువైపు ఒకసారి చూసి, మాస్కు దించి, ఊదింది. నెలరోజుల్లో మొదటిసారి ఆమె చేతికి ముక్క నిండుగా వచ్చింది. కాసేపు దాన్నే అటూ ఇటూ వాల్చి చూసుకుంది. పట్టుకారు చివర రంగులు ఆడుతున్నాయి.

"ఓసి దీని దుంపతెగ. ఇంతేనా? ఇంతకోసమా నన్ను నెలరోజులు ఏడిపించావు?"

"ఇది ఎవరికీ చెప్పకూడదు. మాటివ్వు."

"పెద్దసారుకు?"

"ఆయనకు తెలుసు. తెలిసినట్టు తెలియదు."

కొత్తమ్మాయి నవ్వు ఆపింది. "ఎవరైనా చూస్తే?"

"ఆ పూటే పంపేస్తారు."

"పెద్దసారు అడ్డుపడరా?"

"ఆయన వినలేదు కదా."

పిల్ల ముక్కను గాజుపళ్ళెంలో పెట్టి మూత వేసింది. తొడుగుల వేళ్ళు ఒక్కొక్కటే సరిచేసుకుంది. "మరి నేనెప్పుడైనా వెళ్ళాలంటే? నేనూ సాయంత్రం కాలేజీలో డిగ్రీ చదువుతున్నా కదక్కా. ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళాలి."

"అప్పుడు ఇంకొకరికి చూపించి వెళ్ళు."

"వాళ్ళు?"

ఒలుపక్క మాస్కును మళ్ళీ ముక్కు మీదికి ఎక్కించుకుంది.

"సరేలే అక్కా" అంది కొత్తమ్మాయి. "నేను చూసుకుంటా. నువ్వెళ్ళు, అయిదు లోపల ఇవ్వాలిగా. నీకు ఆలస్యమవుతుంది."

ఆ సరే ఎలాంటి సరేనో ఒలుపక్కకు తెలుసు. పిల్ల కళ్ళలో వేళాకోళం పోయింది. ఆ చోట ఒక లెక్క మొదలైంది: ఎటు తిరిగి కూర్చోవాలి, ఎవరు ఎప్పుడొస్తారు, ఎంతసేపు ఒంగాలి. రెండేళ్ళుగా తను లోపల్లోపల వేసుకుంటున్న లెక్కే అది. ఇప్పుడు ఎదుటి ముఖంలో కూర్చుంది.

గాజుపళ్ళెం చేతిలోకి తీసుకుంది. మెట్లెక్కి పెద్దసారు బల్ల మీద పెడితే చాలు. లేచింది, రెండడుగులు వేసింది, ఆగింది. పళ్ళెం తిరిగి బల్ల మీద పెట్టి, చివర ఉన్న నీలం రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. ఒలిచిన ప్రతి ముక్కకూ అందులో ఒక వరుస ఉంటుంది: తేదీ, ఓవెన్ వేడి, ఎన్ని నిమిషాలు, ఎవరి చెయ్యి. ఆఖరున "ఇతర విషయాలు" అని ఒక గడి. ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. పేజీలకు నంబర్లు వేసి ఉంటాయి, ఎవరూ చించడానికి లేదు. కళ్ళద్దాలమ్మాయి రోజూ నాలుగింటికి వచ్చి ఆ రిజిస్టరు చదువుతుంది.

ఒలుపక్క ఆ గడిలో రాయడం మొదలుపెట్టింది. అంకెలు తప్ప ఆ పుస్తకంలో ఆమె ఎప్పుడూ ఏమీ రాయలేదు. గడి చాలక కింది వరుసల్లోకి కూడా పోయింది.

"ఏం రాస్తున్నావక్కా?"

"జరిగింది."

"ఒలిచేముందు మాస్కు దించి అచ్చు అంచు మీద ఊపిరి వదిలాను. అలా చేస్తేనే ముక్క తెగకుండా వస్తోంది. రెండేళ్ళుగా ప్రతి ముక్కకూ ఇలాగే చేశాను. ఈ రోజు కొత్తమ్మాయి చేత నేనే చేయించాను. తప్పు నాది." కింద సంతకం పెట్టింది, జీతం కాగితం మీది పేరుతో.

కొత్తమ్మాయి భుజం మీదుగా చదివి, "నీకేమైనా పిచ్చా?" అంది మెల్లగా. "కాగితం ఇస్తాడా ఇంక?"

"ఇవ్వడు."

నాలుగింటికి కళ్ళద్దాలమ్మాయి వచ్చింది. నిలబడే చదివింది. తరవాత స్టూలు లాక్కుని కూర్చుని మళ్ళీ చదివింది. పేజీలు వెనక్కి తిప్పింది, వారం, నెల, ఏడాది. అన్ని గళ్ళూ ఖాళీ. అద్దాల వెనక కళ్ళు ఎర్రబడ్డాయి.

"రోజూ నీ పక్కనే కూర్చున్నాను కదక్కా."

"భయమేసింది."

"నా చేతులే మంచివి కావనుకున్నాను. ఆర్నెల్లు. ఇంటికి పోయి వాటిని చూసుకుని ఏడ్చేదాన్ని, తెలుసా?"

అది ఒలుపక్కకు తెలియదు. అందరి కళ్ళూ చదివాననుకున్న మనిషి ఆ ఒక్కటీ చదవలేదు. "క్షమించు తల్లీ" అంది.

గోడమీది ఫోను మోగింది. కళ్ళద్దాలమ్మాయి తీసింది. అవతల పెద్దసారు గొంతు కొత్తమ్మాయి ముక్క ఏదని, ఒలుపక్క ఇంకా పైకి రాలేదేమని అడుగుతోంది. "పనిలో ఉంది సార్. నేనే వచ్చి చెప్తాను. రిజిస్టరు కూడా తెస్తాను" అని పెట్టేసింది.

గడియారంలో నాలుగూ నలభై. ఆ కాలేజీ ఆఫీసు బస్సులో అరగంట దూరం. ఇప్పుడు కాగితం చేతికొచ్చినా అందదు. ఒలుపక్క గడియారం చూసింది, చూపు తిప్పుకుంది.

కళ్ళద్దాలమ్మాయి కొత్త పేజీ తీసి, పైన తేదీ వేసింది. ముక్కు ఎగబీలుస్తూనే అడిగింది, "చలికాలంలో కూడా ఇంతేనా, ఎక్కువసేపు ఊదేదానివా?"

"చలికాలంలో తొందరగా ఆవిరి పట్టేది. ఎండాకాలం రెండుసార్లు ఊదాలి."

"ఎంత దూరం నుంచి?"

"జానెడు."

"ఊదాక ఎంతసేపటికి ఎత్తుతావు?"

"ఆవిరి పోకముందే. ఒకటి, రెండు అనుకుంటాను, ఎత్తుతాను."

"ఆవిరే కావాలంటే గిన్నెలో వేడినీళ్ళు పెట్టినా సరిపోవచ్చు. మాస్కు తీయనక్కర్లేదు" అంది కళ్ళద్దాలమ్మాయి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. కొత్తమ్మాయి ఆ మాట విని తల ఎత్తింది. "సోమవారం చేసి చూద్దాం. సోమవారానికి మనం ముగ్గురం ఇక్కడ ఉంటే." కలం మళ్ళీ కాగితం మీద పెట్టింది. "ఇంకోటి చెప్పక్కా. ముక్కుతోనా, నోటితోనా?"

అయిదయింది.

"నోటితో" అంది ఒలుపక్క. "అద్దం తుడిచేముందు ఊదుతామే, అలాగ."

కళ్ళద్దాలమ్మాయి రాసుకుంది.